గల్లా లేని కొట్టు - దళితుల చేతులు

ఉప్పూ పప్పూ నిమిషాల మీద గుమ్మంలోకి తెచ్చిపెట్టే వ్యాపారం గురించి పత్రికల్లో చాలా చర్చ జరుగుతోంది. ఆ చర్చలో రెండు పక్షాలే కనిపిస్తాయి. ఒకటి కొనేవాళ్ళది. వాళ్ళకి సౌకర్యం కావాలి. రెండోది కిరాణా కొట్టు యజమానులది. వాళ్ళ గిరాకీ పోతోంది. 'చిన్న వ్యాపారి బతకాలి' అని వామపక్ష మిత్రులూ స్వదేశీ వాదులూ ఒకే గొంతుతో అనడం కూడా వింటున్నాం. బతకాల్సిందే, కాదనం. కానీ ఆ కొట్లో బస్తాలు మోసినవాడు, సూపర్ మార్కెట్లో రోజంతా నిలబడి బిల్లు కొట్టిన అమ్మాయి, ఇవాళ చేతిలో సెల్లు పట్టుకుని అరల మధ్య పరిగెత్తే కుర్రాడు - వీళ్ళెవరు? ఏ పేటల్నుంచి వస్తున్నారు? ఏ కులాల వాళ్ళు? ఈ ప్రశ్న ఎవరూ వెయ్యడం లేదు. వెయ్యకపోవడం అమాయకత్వం అనుకోలేం.

మన పిల్లల్లోనే కొందరు వేరే మాట అంటున్నారు. 'యాప్‌కి కులం లేదు. ఆధార్, పాన్ కార్డు, బండి, సెల్లు ఉంటే చాలు. ఎవరి సిఫారసూ అక్కర్లేదు, ఎవరూ ఇంటిపేరు అడగరు' అని. ఈ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి లేదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం గుర్తుంది కదా. ఒకే చదువు, ఒకే అర్హత చూపిస్తూ పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకి దరఖాస్తులు పంపితే, అగ్రవర్ణ పేరున్న దరఖాస్తుకంటే దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం మూడో వంతు తక్కువని తేలింది. ముస్లిం పేరైతే మూడింట రెండు వంతులు తక్కువ. అలాంటి దేశంలో పేరు చూడకుండా పనిలోకి తీసుకునే ద్వారం ఒకటి తెరుచుకుందంటే మన పిల్లలు అటు నడవకుండా ఎలా ఉంటారు? నడుస్తారు. ఆ ద్వారం లోపల ఏముందో చూడాలి. దానికి ముందు పాత కొట్టు ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మన ఊళ్ళల్లో కొట్టు ఊరి నడిమధ్య ఉంటుంది. మాలపల్లె, మాదిగగూడెం ఊరి బయట. కొట్టు దగ్గర మన తాతముత్తాతలు మెట్టు కింద నిలబడ్డారు. అరుగు మీద డబ్బులు పెడితే నీళ్ళు చల్లి తీసుకున్నారు. సరుకు పైనుంచి కొంగులో పోశారు. తక్కెడలో ముల్లు ఎటు మొగ్గిందో కిందనుంచి కనిపించేది కాదు. ఇదంతా గడిచిపోయిన కథ అనుకునేవాళ్ళుంటారు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన సర్వే ఒకటి 2006లో పుస్తకంగా వచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మూడో వంతుకు పైగా గ్రామాల్లో దళితుల్ని దుకాణాల్లోకి రానివ్వడం లేదని ఆ సర్వేలో తేలింది. రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాల్ని హైదరాబాద్‌లో తెరిచిందీ ఆ 2006లోనే. ఒకే ఏడాది, ఒకే దేశం.

కొట్టు అంటే సరుకు అమ్మే చోటు మాత్రమే కాదు, వ్యాపారం నేర్చుకునే బడి కూడా. కోమటి కొట్లో గుమాస్తాగా చేరిన కుర్రాడు సాధారణంగా వాళ్ళ బంధువో, వాళ్ళు 'ముట్టుకోదగ్గ' కులంవాడో. పదేళ్ళు చేస్తే వాడికి తూకం వచ్చు, కొనుబడి ధర తెలుసు, ఏ సరుకు ఏ నెలలో పెరుగుతుందో తెలుసు, ఎవరికి అప్పివ్వొచ్చో తెలుసు. పదకొండో ఏట షావుకారు పూచీ మీద టోకు వ్యాపారి సరుకిస్తే సొంత కొట్టు పెట్టుకుంటాడు. ఈ దారిలో దళితుడు లేడు. బియ్యం, నూనె, బెల్లం, చింతపండు ముట్టుకునే పని వాడికివ్వరు. బస్తా మొయ్యడానికి పనికొస్తాడు. ఇక్కడొక చిత్రం ఉంది. గోనె సంచి అడ్డముంటే అంటు లేదు, సంచి విప్పితే అంటు! హమాలీ భుజం ముట్టుకున్న బియ్యమే లోపల గుమాస్తా చేతిలో శుద్ధమైపోతుంది.

మరి మనవాళ్ళు సొంతంగా కొట్లు పెట్టలేదా? పెట్టారు, పేటల్లో. అగ్గిపెట్టెలు, బీడీలు, సబ్బులు, పిల్లల బిళ్ళలు. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఆ కొట్లో నూనె కొన్నారా? పెరుగు కొన్నారా? కొనేవాళ్ళు పేటవాళ్ళే, వాళ్ళ దగ్గర డబ్బు లేదు. అందుకని ఆ కొట్టు ఎప్పుడూ పెరగలేదు. 2005 ఆర్థిక గణన లెక్కలు తీసుకుని లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వార్ష్నే చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. దేశ జనాభాలో 16.4 శాతం ఉన్న షెడ్యూల్డు కులాల చేతుల్లో ఉన్న వ్యాపార సంస్థలు 9.8 శాతం. వాటిల్లో ఎన్ని ఈ బీడీల కొట్లో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

కాబట్టి కిరాణా కొట్టు మూతబడుతుంటే మనం కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. అలాగని పండగా చేసుకోలేం. ఎందుకో చెప్తాం.

2000 తర్వాత పట్టణాల్లో సూపర్ మార్కెట్లు వరసగా వచ్చాయి. వాటిని పెట్టినవాళ్ళు మన మీద ప్రేమతో పెట్టలేదు. కానీ వాటిలో సరుకు పొట్లంలో వస్తుంది. బియ్యమూ పప్పూ ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి ఉంటాయి. ముట్టుకున్నది ఎవరి చెయ్యో కొనేవాడికి పట్టింపు తగ్గింది. వందేళ్ళ సంస్కరణోద్యమాలు చెయ్యలేని పని పాలిథిన్ కవరు కొంత చేసిందంటే నవ్వొస్తుంది గానీ అది నిజం. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుకుని ఇంటర్‌తోనో డిగ్రీతోనో ఆగిపోయిన ఆడపిల్లలకి ఆ కౌంటర్లలో పని దొరికింది. యూనిఫాం చొక్కా, దాని మీద సొంతపేరు మాత్రమే ఉన్న బిళ్ళ. జీతం తక్కువ, ఉద్యోగం కాంట్రాక్టుది, గంటల తరబడి నిలబడ్డమే. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు కోసం కేరళ 2018లోనూ తమిళనాడు 2021లోనూ చట్టాలు సవరించుకోవాల్సి వచ్చిందంటే ఆ పని ఎలాంటిదో తెలుస్తుంది.

అయినా ఒక విషయం జరిగింది. పెద్దింటి ఆవిడ తెచ్చిన బుట్టలో సరుకంతా మాదిగ పిల్ల ఒక్కొక్కటిగా చేత్తో తీసి, బిల్లు కొట్టి, ఆవిడ డబ్బు చేతిలోకి తీసుకుని చిల్లర చేతిలో పెట్టింది. గల్లాపెట్టె ముందు దళిత స్త్రీ కూర్చోకపోయినా నిలబడింది! మన తాతలు మెట్టు కింద నిలబడ్డ కొట్టుతో పోల్చుకుంటే ఇది చిన్న విషయం కాదు. మా అభిప్రాయంలో ఆన్‌లైన్ సరుకుల వ్యాపారం దెబ్బ తీస్తున్నది మొదట ఈ కౌంటర్‌నే.

ఈ వ్యాపారం ఇక్కడికి ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్పుకుందాం. బిగ్‌బాస్కెట్ 2011లో బెంగళూరులో మొదలైంది, గ్రోఫర్స్ 2013లో. అప్పట్లో ఇవాళ అడిగితే రేపు వ్యాన్లో తెచ్చేవాళ్ళు. కరోనా కాలంలో ఇది మారింది. 2020లో స్విగ్గీ ఇన్‌స్టామార్ట్ వచ్చింది, 2021లో జెప్టో. అదే ఏడాది చివర్లో గ్రోఫర్స్ బ్లింకిట్‌గా పేరు మార్చుకుంది, మరుసటేడు దాన్ని జొమాటో కొనేసింది. అందరూ పది నిమిషాల పందెం వేసుకున్నారు. ఆ పందెం నెగ్గాలంటే సరుకు కొనేవాడి ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉండాలి. అందుకని కాలనీల వెనక సందుల్లో, సెల్లార్లలో, పాత షెడ్లలో గోదాములు పెట్టారు. వాటినే డార్క్ స్టోర్లంటున్నారు. చీకటి కొట్లు. పేరు వాళ్ళే పెట్టుకున్నారు, మనం కాదు.

బయట బోర్డు ఉండదు, ఉన్నా చిన్నది. కొనేవాళ్ళు లోపలికి రారు. గల్లా లేదు. లోపల అరలు, ప్రతి అరకీ ఒక నంబరు. ఆర్డరు పడగానే పికర్ చేతిలో యంత్రం కూత పెడుతుంది. ఏ అరలో ఏముందో, ముందు ఎటు వెళ్ళాలో, తర్వాత ఎటు తిరగాలో అదే చెప్తుంది. తీసిన వస్తువుని స్కాన్ చేస్తే సరైనదో కాదో అదే చెప్తుంది. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకునేదీ అదే. రెండు నిమిషాల్లోపు సంచి కట్టి కిటికీ దగ్గర పెట్టాలి. కిటికీకి అవతల బండ్ల మీద రైడర్లు ఉంటారు. సరుకు లారీలు రాత్రిళ్ళు వస్తాయి, ఆ బస్తాలూ పెట్టెలూ దించి అరల్లో సర్దేవాళ్ళు వేరే. ఏ పేటలో వానొస్తే ఏం అమ్ముడవుతుందో, ఆదివారం పొద్దున ఎన్ని పాల పాకెట్లు కావాలో లెక్క కట్టేది కంప్యూటరు. ఎంత తెప్పించాలి, ఎంత ధర పెట్టాలి అన్నదీ అదే చెప్తుంది.

ఇది చదివి యంత్రాలొచ్చి మనుషుల పని పోతుందనుకుంటే పొరపాటు. నిజమైన రోబోలున్న గోదాములు వేరే దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్లో ఒకాడో గోదాముల్లో రోబోలే పెట్టెల్ని తెచ్చిస్తాయి. అమెరికాలో క్రోగర్ కంపెనీ ఆ ఒకాడో యంత్రాలతో పెద్ద కేంద్రాలు కట్టించుకుని, వాటిలో మూడింటిని మూసేస్తామని 2025 నవంబర్లో ప్రకటించింది. అంత డబ్బున్న దేశంలోనే రోబో గిట్టుబాటు కాకపోతే, మనిషి ఇంత చౌకగా దొరికే మన దేశంలో రోబోని ఎవడు కొంటాడు? ఇక్కడ యంత్రం చేతుల్ని తీసెయ్యలేదు. మేస్త్రీ పని, గుమాస్తా బుర్ర, షావుకారు అంచనా - ఈ మూడూ తాను తీసుకుంది. చేతుల్ని, కాళ్ళని మనుషులకే వదిలేసింది.

మనకి సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. కోమటి కొట్లో గుమాస్తాకి పదేళ్ళకి వ్యాపారం వచ్చింది. చీకటి కొట్లో పికర్‌కి పదేళ్ళకి ఏం వస్తుంది? ధర వాడికి తెలియదు, కొనుబడి తెలియదు, కొనేవాడి మొహం తెలియదు. ఏ అరలో ఏముందో కూడా గుర్తు పెట్టుకోనక్కర్లేదు, యంత్రం చెప్తుంది. కాబట్టి వాడు ఎన్నాళ్ళు చేసినా మొదటి రోజు వచ్చినవాడితో సమానం. తీసేస్తే పూటలో ఇంకొకడు దొరుకుతాడు. దళితుడికి కొట్లో చోటు దొరికేసరికి కొట్టులోంచి విద్యని తీసేశారు. మేము మాట్లాడిన కుర్రాళ్ళల్లో ఒకడు, డిగ్రీ ఫెయిలైనవాడు, నల్గొండ వైపునుంచి వచ్చినవాడు, ఇలా అన్నాడు: 'సార్, మా నాయిన హమాలీ. ఆయనకి మేస్త్రీ ఉండె, తిట్టేటోడు. నాకు తిట్టేటోడు లేడు, కూత పెట్టేది ఉంది. నాయిన మేస్త్రీతోని కొట్లాడె. నేను ఎవనితోని కొట్లాడాలె?'

ఈ కుర్రాళ్ళలో ఎక్కువమందిది కంపెనీ ఉద్యోగం కాదు. మధ్యలో మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ ఉంటుంది. జీతం చీటీ మీద ఒక పేరు, చొక్కా మీద ఇంకో పేరు. ఏదన్నా జరిగితే కంపెనీ ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ కంపెనీని చూపిస్తుంది. 2024 జూన్‌లో మేడ్చల్ జిల్లా దేవరయాంజాల్‌లోని ఒక గోదామును తెలంగాణ ఆహార భద్రతా అధికారులు తనిఖీ చేశారు. కాలం చెల్లిన సరుకు, శుభ్రత లేకపోవడం గురించి వార్తలు వచ్చాయి. తినేవాళ్ళ ఆరోగ్యం ముఖ్యమే. ఆ దుమ్ములో పన్నెండు గంటలు పీల్చేవాళ్ళ ఆరోగ్యం ఎవరి శాఖ కిందికి వస్తుందో తెలుసుకోవాలని ఉంది.

యంత్రానికి కులం లేదన్న మాట కొత్తది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లోనూ ఇదే మాట అన్నారు. మిల్లులో అందరూ కార్మికులే, ఆవిరి ఇంజను కులం అడగదు అన్నారు. కానీ నేత ఖాతాలో అస్పృశ్యుల్ని రానివ్వలేదు. ఎందుకని? నాడెలో నూలు అయిపోయినప్పుడు కొత్త కండె దారం కొసని నోటితో పీల్చి లాగాలి. దళితుడి ఎంగిలి తగిలిన దారాన్ని మేము నోట పెట్టుకోం అని తోటి కార్మికులే అడ్డం పడ్డారు. నేతలో కూలి ఎక్కువ. మనవాళ్ళకి మిగిలింది కూలి తక్కువుండే వడకడం. 1928 సమ్మె సందర్భంలో అంబేద్కర్ ఈ సంగతి ఎత్తి, మీ డిమాండ్ల జాబితాలో ఇదెందుకు లేదని కార్మిక నాయకుల్ని నిలదీశారు. యంత్రం కులం అడగలేదు, నిజమే. యంత్రం పక్కన నిలబడ్డవాడు అడిగాడు.

ఇవాళ ఆ అడిగేవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. యాప్ పనిలో చేర్చుకునేటప్పుడు పేరు పట్టించుకోదేమో గానీ, సరుకు తెచ్చేవాడి పేరు కొనేవాడి సెల్లులో పెద్దక్షరాలతో చూపిస్తుంది. 2022 జూన్‌లో లక్నోలో ఒక దళిత యువకుడు తెచ్చిన అన్నం, కులం అడిగి, నిరాకరించి, మొహం మీద ఉమ్మి కొట్టారని అతను పోలీసులకి ఫిర్యాదు చేశాడు. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక ఆర్డరులో 'ముస్లిం మనిషిని పంపొద్దు' అని రాసిన సంగతిని గిగ్ కార్మికుల యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ బయటపెట్టారు. 2024 మార్చిలో జొమాటో 'శుద్ధ శాకాహారుల' కోసం ఆకుపచ్చ చొక్కాలతో వేరే దళాన్ని ప్రకటించింది. గొడవ జరిగితే మర్నాడే వేరే రంగు చొక్కాని వెనక్కి తీసుకుంది. ఇవన్నీ వండిన తిండికి సంబంధించినవి, సీలు వేసిన పొట్లాలకి ఇంత పట్టింపు ఉండదు అనేవాళ్ళుంటారు. కొంత నిజం. అయితే 'లిఫ్టు వాడొద్దు, మెట్లెక్కి రా' అనే బోర్డుకి పొట్లంలో ఏముందో అక్కర్లేదు. మెట్టు కింద నిలబడడం పోయిందనుకుంటే అయిదంతస్తుల మెట్లు వచ్చాయి.

ఆ గుమ్మంలో ఉన్నావిడ వేళ్ళతో ఇచ్చే చుక్కలున్నాయి చూశారా, అవి జీతాన్ని కోస్తాయి. చుక్కలు తగ్గితే ఆర్డర్లు తగ్గుతాయి, మరీ తగ్గితే ఐడీ ఆగిపోతుంది. ఆవిడ ఎందుకు రెండు చుక్కలిచ్చిందో ఆవిడకే తెలుసు. ఆలస్యమైనందుకా, మొహం నచ్చకా, పేరు నచ్చకా? యంత్రం ఇవేవీ అడగదు. అన్నిటినీ కలిపి ఒక అంకె చేస్తుంది. అంకెలోకి మారాక కులం కనిపించదు. సాక్ష్యం ఉండదు. అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టాలన్నా ఎవరి మీద పెట్టాలి?

కులం అంకెల్లో ఎలా దాక్కుంటుందో ఒక ఆధారం ఉంది. యాప్ కార్మికుల సంఘాల సమాఖ్య భాగస్వామిగా, 8 నగరాల్లో, 10 వేలమందికి పైగా డ్రైవర్లనీ డెలివరీ కార్మికులనీ అడిగి చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. కారు నడిపేవాళ్ళలో ఎస్సీ, ఎస్టీలు 60 శాతానికి పైగా రోజుకి 14 గంటలు దాటి పనిచేస్తున్నారు. రిజర్వేషన్ లేని కులాలవాళ్ళలో అంతసేపు చేసేది 16 శాతం. ఆర్డరుకి ఇచ్చే రేటు అందరికీ ఒకటే. మరి ఈ తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? ఒకడి వెనక రెండెకరాల పొలమో, సొంత ఇల్లో, అన్నదమ్ముడి ఉద్యోగమో ఉంది. ఇంకొకడి వెనక బండి అప్పు ఒక్కటే ఉంది. సమానమైన రేటు అసమానమైన మనుషుల మీద పడితే అసమానమైన గంటలవుతుంది. సరుకుల డెలివరీ వాళ్ళ గురించి, చీకటి కొట్ల లోపలివాళ్ళ గురించి ఇలాంటి లెక్క తియ్యాల్సి ఉంది.

ఎన్ని ఉద్యోగాలు పోయాయి, ఎన్ని వచ్చాయి అన్న లెక్కలు ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు చెప్తున్నారు. ఏడాదిలో 2 లక్షల కిరాణా కొట్లు మూతబడ్డాయని పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య 2024లో చెప్పింది. అది నష్టపోతున్న వ్యాపారుల లెక్క. 2020-21లో 77 లక్షలమంది గిగ్ పనిలో ఉన్నారని, 2029-30కి అది 2.35 కోట్లవుతుందని నీతి ఆయోగ్ 2022లో చెప్పింది. అది మురిసిపోతున్న ప్రభుత్వ లెక్క. ఈ రెంటిలోనూ కులం అనే గడి లేదు. స్త్రీ, పురుష తేడా గురించి ఒక్క మాట మేము చెప్పగలం. కౌంటర్ మీద ఉన్న పని ఆడపిల్లలు చెయ్యగలిగారు. బండి మీది పనికి బండి కావాలి, లైసెన్సు కావాలి, రాత్రిళ్ళు తిరగాలి. కొందరు ఆడపిల్లలు చీకటి కొట్లలో ప్యాకింగ్‌కి చేరుతున్నారు గానీ బయట తిరిగే పని దాదాపు మగపిల్లలదే. కాబట్టి కౌంటర్ పోతే పోయే చోటు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికి సరుకు చేరవెయ్యడం అనే పని దానంతటదే ఇలా ఉండాలని రాసి పెట్టి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వేరే విధంగా ఒకసారి జరిగింది. 2021 జనవరిలో అప్పటి ప్రభుత్వం రేషన్ బియ్యాన్ని ఇంటింటికీ చేర్చడానికి 9,260 బండ్లు పెట్టింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద అగ్రవర్ణాల యువకులకి కార్పొరేషన్ల ద్వారా ఇచ్చారు. 60 శాతం సబ్సిడీ, 30 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం లబ్ధిదారుడి వాటా. నెలకి ఇంత అని ప్రభుత్వమే ఇచ్చేది. లోపాలు లేవని అనం. బండి ఇంటి ముందుకి రాకుండా వీధి చివర ఆగిందన్నారు, బియ్యం పక్కదారి పట్టిందన్నారు, డీలర్లకి పని తగ్గింది. ఇప్పటి ప్రభుత్వం 2025 జూన్ 1 నుంచి ఆ బండ్లు ఆపేసి మళ్ళీ చౌకధరల దుకాణాలకే పంపిణీ అప్పగించింది. ఏ పార్టీ మంచిదో తేల్చడం ఇక్కడ మా పని కాదు. అందులో మనం గమనించాల్సింది ఒకటుంది. మాల, మాదిగ కుర్రాడు స్టీరింగ్ పట్టుకుని, తూకం వేసి, ఊరి నడివీధిలో అందరికీ బియ్యం పోశాడు. తినే గింజలు! ఆ కుర్రాడి వాటా ఎంతో కాగితం మీద రాసి ఉంది. పోయినప్పుడు ఎవర్ని నిలదియ్యాలో తెలుసు - మంత్రివర్గాన్ని. యాప్‌లో ఐడీ ఆగిపోయినవాడు ఎవర్ని నిలదీస్తాడు?

ఇక చట్టాల సంగతి. సామాజిక భద్రతా స్మృతి 2020లో పార్లమెంటులో పాసై 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు ఏడాది టర్నోవర్లో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి ఇవ్వాలి. కానీ అది కార్మికులకి చెల్లించిన దాంట్లో 5 శాతం దాటక్కర్లేదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో సొంత చట్టాలు చేసుకున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్లో గిగ్ కార్మికులకి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025లో ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టింది. 2025 డిసెంబర్ 25, 31 తేదీల్లో రైడర్లు దేశమంతటా సమ్మె చేశారు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కలగజేసుకున్నాక బ్లింకిట్ 'పది నిమిషాల' ప్రచారాన్ని తీసేసింది. సమ్మె లేకపోతే ఆ మాత్రం కూడా జరిగేది కాదు.

ఇవన్నీ బండి మీది వాడి గురించి. లోపల అరల మధ్య ఉన్నవాడు గిగ్ కార్మికుడు కాదు, కాంట్రాక్టు కార్మికుడు. వాడికి వర్తించాల్సింది దుకాణాలు, సంస్థల చట్టం. ఆ చట్టం కింద వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటకూడదని రాశారు. కొనేవాళ్ళు రాని, బోర్డు లేని కొట్లో ఆ 48 గంటలు ఎవరు లెక్క పెడతారు?

ఇంకో విషయం, మనలో మనం మాట్లాడుకోవాల్సింది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం మూడు దశాబ్దాలు పోరాడితే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమలవుతోంది. న్యాయమైన విజయం. కానీ పంచుకోవడానికి వీలైంది ప్రభుత్వ ఉద్యోగాల్లోని 15 శాతాన్ని మాత్రమే. ఆ ఉద్యోగాలు ఏటా తరుగుతున్నాయి. కొత్తగా పుట్టే పని అంతా ఈ చీకటి కొట్లలో, బండ్ల మీద పుడుతోంది. అక్కడ అడుగు మెట్టు మీద మనకి రిజర్వేషన్ అక్కర్లేదు, పిలిచి మరీ ఇస్తారు. స్టోర్ మేనేజరు, ప్రాంతీయ మేనేజరు, గోదాము అద్దెకిచ్చే యజమాని, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ - ఈ మెట్ల మీద ఎవరున్నారో చూస్తే పాత ఊరు మళ్ళీ కనిపిస్తుందని మా అనుమానం. అనుమానాన్ని లెక్కలోకి మార్చాలి.

అందుకు రెండు పనులు కావాలి. మొదటిది ప్రభుత్వాన్ని అడగాల్సింది. కార్మికుల నమోదులో కులం గడి పెట్టమని, ఐడీ ఆపేస్తే కారణం తెలుగులో రాసివ్వాలని, చుక్కల లెక్కని సంఘం ప్రతినిధుల ముందు పెట్టాలని, లోపలి పికర్లనీ ప్యాకర్లనీ కూడా అదే సంక్షేమ బోర్డు కిందికి తేవాలని, మనుషుల సరఫరా కాంట్రాక్టుల్లో దళిత సహకార సంఘాలకి వాటా ఇవ్వాలని. కులం రాసుకోవడం అవమానం అనే మిత్రులకి ఒకటే జవాబు. 2024లో తెలంగాణ ఇంటింటి సర్వే చేసి ఎస్సీలు 17.43 శాతం అని తేల్చింది. జనాభాలో ఎంతో తేలినప్పుడు చీకటి కొట్లో ఎంతో ఎందుకు తేలకూడదు?

రెండో పని చదువుకునే పిల్లలూ, వాళ్ళ ఉపాధ్యాయులూ చెయ్యగలిగింది. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం - ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో, దగ్గర్లోని ఒక చీకటి కొట్టు ఎంచుకోండి. సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడితే షిఫ్టు దిగేవాళ్ళు కనిపిస్తారు. పేరు, ఊరు రాసుకోవద్దు, వాళ్ళ ఉద్యోగాలకి ముప్పు. కులం, చదువు, అంతకుముందు చేసిన పని, తండ్రి పని, నెలకి చేతికొచ్చేది, రోజుకి గంటలు, కూర్చోడానికి చోటుందా, మరుగుదొడ్డి ఉందా, ఆడవాళ్ళకి వేరేగా ఉందా, దెబ్బ తగిలితే ఎవరు చూశారు, పైనున్న మేనేజరు ఎవరు - ఇవి అడగండి. ఇదివరకు సూపర్ మార్కెట్లో చేసి మానేసిన ఆడపిల్లలు మీ పేటలో ఉంటే, వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారో ప్రత్యేకంగా రాయండి. పదిమందిని అడిగినా చాలు. వచ్చిన వివరాలు పట్టికలుగా కూర్చి రానున్న సంచికల్లో వేస్తాం.